మనసును కొలుచు విద్య

బియ్యమును తూచుటకు తక్కెడ కలదు. వస్త్రమును కొలుచుటకు మీటరు బద్ద కలదు. జ్వరతీవ్రతను తెలుపుటకు ఉష్ణమాపకము కలదు. కాని మనుష్యుని భయమును, ఆశను, జ్ఞాపకశక్తిని, ధైర్యమును కొలుచుటకు ఏ సాధనము కలదు? ఇవి కంటికి కనబడవు, చేతికి అందవు. అయినను లోకములోని కార్యములలో పెక్కు వీనిచేతనే నడుచుచున్నవి. ఇట్టి కనరాని వానిని క్రమపద్ధతిలో పరిశీలించు శాస్త్రమునకు మనస్తత్త్వశాస్త్రమని పేరు. మన దేశమున ఈ శాస్త్రమునకు ప్రత్యేకముగా ఒక శాఖను మొట్టమొదట నెలకొల్పినది కలకత్తా విశ్వవిద్యాలయము. అది 1916వ సంవత్సరమున జరిగెను. తరువాత ఈ విద్య తక్కిన విశ్వవిద్యాలయములకును వ్యాపించెను.

పట్టభద్రులైన పిదప ఈ శాస్త్రమును అభ్యసింపగోరు విద్యార్థులలో పలువురు స్వప్నములను గూర్చియు, కోపతాపములను గూర్చియు, మనోవ్యాధుల చికిత్సను గూర్చియు నేర్చుకొనవచ్చునని ఉత్సాహముతో వత్తురు. తరగతిలో అడుగిడిన కొలది దినములకే వారికి రెండు పాఠ్యాంశములు ఎదురగును. ఒకటి పరిశోధన ప్రణాళిక, రెండవది సంఖ్యాశాస్త్రము. లెక్కలకు వెరచి ఈ శాస్త్రమును ఎన్నుకొన్నవారికి ఇది పిడుగుపాటు వలె తోచును. "మనసునకును లెక్కలకును ఏమి సంబంధము?" అని వారు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు సమాధానము మన పాలమూరు మెట్టపొలములలోనే దొరకును.

పాలమూరు, నల్లగొండ సీమలు ఎత్తైన మెట్టభూములు. అచ్చటి ఎర్రచెలకలలో జొన్న, సజ్జ, ఆముదము మొదలగు పైరులు వానను నమ్ముకొని పండును. చెరువు నిండినను, బావిలో నీరున్నను వరి పండును. వాన ఒక ఏడు కురియును, ఒక ఏడు ముఖము చాటువేయును. ఇట్టి చోట వ్యవసాయమనగా విధితో జూదమాడుట వంటిదే. క్రొత్త విత్తనములు, ఎరువులు వచ్చిన కాలమున కలిగినవారు వానిని త్వరగా చేపట్టిరి; బీదరైతులు వెనుకాడిరి. అది చూచి కొందరు, "బీదవాడు స్వభావముచేతనే పిరికివాడు; అందుచేతనే బీదవాడై యున్నాడు" అని తీర్పు చెప్పిరి. మరికొందరు, "పిరికితనము కాదు, చేతిలో పైకము లేక వెనుకాడుచున్నాడు" అనిరి.

ఈ రెండు మాటలలో ఏది నిజమో తెలియుట వట్టి వాదముకొరకు కాదు. మొదటి మాట నిజమైనచో రైతునకు ధైర్యము నూరిపోయవలెను. ఉపన్యాసములు, ప్రదర్శనములు కావలెను. రెండవ మాట నిజమైనచో అప్పు, విత్తనము, నీరు, గిట్టుబాటు ధర కావలెను. రోగము ఒకటి, మందు ఒకటి అయినచో లక్షలాది కుటుంబములు నష్టపోవును. పైగా దోషము లేని వారికి పిరికివారను అపనింద తగులును. కనుక ఊహను విడిచి, పరీక్షించి తెలిసికొనవలసి వచ్చెను.

హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువు నందు 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ స్థాపితమయ్యెను. ఇక్రిశాట్ అను పేరుతో అది ప్రసిద్ధము. ఆ సంస్థవారు 1975లో ఆరు గ్రామములను ఎన్నుకొని అచ్చటి కుటుంబముల జీవనమును ఏండ్ల తరబడి పరిశీలింప మొదలిడిరి. ఆ ఆరింటిలో నాలుగు మహారాష్ట్రమునకు చెందిన షోలాపురము, అకోలా జిల్లాలలోనివి. తక్కిన రెండు నాటి మహబూబునగరు జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు.

ఊరిలో వందల కుటుంబములుండగా అందరిని ప్రశ్నించుట సాధ్యము కాదు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో చెప్పుదురు. పరిశోధన ప్రణాళికలోని మొదటి పాఠము ఈ సామెతలోనే కలదు. కొందరిని చూచి అందరిని గూర్చి తెలిసికొనుటకు ప్రతిచయనమని పేరు. అయితే ఇందొక మెలకువ కలదు. కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడికినవి. ఊరిలోని మనుష్యులు అట్టివారు కారు. నూరెకరముల ఆసామియు, సెంటు భూమి లేని కూలివాడును ఒకే ఊరిలో నుందురు. రచ్చబండ వద్ద కనబడిన నలుగురిని అడిగి వచ్చినచో తీరిక కలవారి మాట మాత్రమే తెలియును. పొలమునకు పోయిన కూలివాని మాట తెలియదు.

కనుక ఆ పరిశోధకులు ముందుగా ఊరిలోని కుటుంబములన్నింటి పట్టికను వ్రాసికొనిరి. వానిని నాలుగు తరగతులుగా విభజించిరి: భూమిలేని కూలీలు, చిన్నరైతులు, మధ్యతరగతి రైతులు, పెద్దరైతులు. ఒక్కొక్క తరగతినుండి పదేసి కుటుంబములను, ఎవరి ఇష్టానిష్టములకు తావులేకుండ, చీట్లు తీసిన రీతిగా ఎన్నుకొనిరి. ఈ విధముగా ఊరికి 40 కుటుంబములు, ఆరు ఊళ్లకు 240 కుటుంబములు తేలినవి. చీట్లు తీయుట పిల్లల ఆటవలె కనబడును గాని అందు గొప్ప న్యాయము కలదు. పరిశోధకుని స్నేహము, మొగమాటము, బద్ధకము ఆ ఎన్నికలో జోక్యము చేసికొనజాలవు.

ఇక కొలుచుట ఎట్లు? స్విట్జర్లాండు దేశీయుడైన హాన్స్ బిన్స్వాంగర్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఈ కుటుంబముల సాహసబుద్ధిని తెలిసికొన బూనెను. ఆయన రెండు మార్గములను అనుసరించెను. మొదటిది ప్రశ్నించు మార్గము: "ఇట్టి అవకాశము వచ్చినచో నీవేమి చేయుదువు? ఎంత పైకము నిశ్చయముగా ఇచ్చినచో దానిని వదలుకొందువు?" అని ఊహాజనితమైన ప్రశ్నలు వేయించుట. రెండవది నిజముగా పైకమునిచ్చి, వారు చేయు ఎన్నికను కన్నులార చూచుట.

రెండవ మార్గము ఎట్లు నడిచెనో తెలిసికొనుట మనోహరముగా నుండును. ఒక్కొక్కరి ఎదుట కొన్ని ఎంపికలుంచిరి. మొదటి ఎంపికలో నాణెము బొమ్మ పడినను బొరుసు పడినను 50 పైసలు తప్పక వచ్చును. రెండవదానిలో ఒకవైపు పడిన 45 పైసలు, మరియొకవైపు పడిన 95 పైసలు. పిమ్మట వరుసగా 40 లేక 120. 30 లేక 150. 10 లేక 190. కడపటిదానిలో ఒకవైపు పడిన ఏమియు రాదు. రెండవవైపు పడిన రెండు రూపాయలు వచ్చును. ఇవి ముఖ్యమైనవి.

ఎనిమిదవ తరగతి విద్యార్థి సైతము వీని సగటులను కట్టవచ్చును. మొదటిదాని సగటు 50 పైసలు. రెండవది 70, మూడవది 80, నాలుగవది 90, అయిదవది 100, ఆరవది కూడ 100. అనగా క్రిందికి పోయిన కొలది సగటు లాభము పెరుగుచుండును. దానితోపాటు అపాయమును పెరుగుచుండును. మిక్కిలి భయపడువాడు మొదటిదానిని కోరును. సాహసి కడపటివానిని కోరును. భయమునకు ఇట్లొక బద్ద ఏర్పడెను.

పిమ్మట పైకమును పదింతలు, నూరింతలు చేసిరి. నూరింతలైనప్పుడు మొదటి ఎంపికలో 50 రూపాయలు నిశ్చయము. కడపటిదానిలో సున్న లేక 200 రూపాయలు. ఆ కాలమున అది కూలివానికి పెక్కు దినముల సంపాదన. ఒక్కనాటితో ముగింపక, వారములపాటు సాగించి, ఆలోచించుకొనుటకు వ్యవధి నిచ్చిరి. పాల్గొన్నవారు తమ మూటనుండి పైకము తీయనక్కరలేదు. బీదవాని నోటికాడి కూడుతో ఆటలాడుట ధర్మము కాదు గదా!

ఫలితములు వచ్చినవి. వానిని బిన్స్వాంగర్ 1980లో ప్రకటించెను. ప్రశ్నించు మార్గమున తేలిన ఫలితములు, పైకముతో చేసిన పరీక్షలో తేలిన ఫలితములు ఒకదానితో నొకటి ఏమాత్రము పొసగలేదు. అంతేకాదు, ప్రశ్నలు వేసిన మనిషిని బట్టి జవాబులు మారుచుండెను. తక్కెడ పట్టిన వాని చేతిని బట్టి బరువు మారినచో ఆ తక్కెడను ఎవరు నమ్ముదురు? ఎవరు కొలిచినను, ఎన్నిసార్లు కొలిచినను ఒకే విధముగా వచ్చుట కొలతకు మొదటి గుణము. దానికి విశ్వసనీయత యని పేరు. కొలువదలచినదానినే కొలుచుట రెండవ గుణము. దానికి సప్రమాణత యని పేరు. నోటిమాటగా చెప్పిన ధైర్యము వేరు, చేతితో చూపిన ధైర్యము వేరు. పరిశోధన ప్రణాళికను నేర్చు విద్యార్థి ఈ రెండు గుణములను తన కొలబద్దలో ముందుగా వెదకును.

పైకముతో చేసిన పరీక్ష మరియొక సంగతిని తెలిపెను. పందెము స్వల్పముగా నున్నప్పుడు జనుల ఎన్నికలు పలువిధములుగా చెదరి యుండెను. కొందరు సాహసించిరి, కొందరు వెనుదీసిరి. పందెము పెద్దదైనప్పుడు దాదాపు అందరును నడిమి ఎంపికలకు చేరిరి. మరీ పిరికివారును లేరు, మరీ తెగించినవారును లేరు. ఇచ్చట సగటు ఒక్కటియే చాలదని గ్రహింపవలెను. అయిదుగురు మనుష్యులు 3, 3, 3, 3, 3 అను మార్కులు తెచ్చుకొన్నచో సగటు 3. వేరొక అయిదుగురు 1, 1, 3, 5, 5 తెచ్చుకొన్నను సగటు 3. కాని ఈ రెండు గుంపులు ఒక్కటేనా? మొదటి గుంపులో భేదము లేదు, రెండవదానిలో మిక్కుటము. సగటునకు ఇరువైపుల అంకెలు ఎంత దూరము చెదరినవో తెలుపు కొలతకు విచలనమని పేరు. సగటును మాత్రము చూచి విచలనమును చూడనివాడు, చెరువు సగటున మోకాటిలోతే గదాయని దిగి నడుమ మునుగువాని వంటివాడు.

అసలు ప్రశ్నకు వత్తము. బీదవాడు ధనికునికంటె పిరికివాడా? సంపద పెరిగిన కొలది భయము కొంచెము తగ్గినట్లు కనబడెను. కాని ఆ తేడా మిక్కిలి స్వల్పము. అది నిజమైన తేడాయో, కాకతాళీయముగా వచ్చినదో నిశ్చయించి చెప్పుటకు వీలులేనంత స్వల్పము. సంఖ్యాశాస్త్రము యొక్క ముఖ్యమైన పని ఇచ్చటనే కలదు.

దీనిని వివరించుటకు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ చెప్పిన తేనీటి కథ ప్రసిద్ధమైనది. ఆయన 1935లో ప్రకటించిన గ్రంథమున ఇది వచ్చును. ఒక స్త్రీ, గిన్నెలో ముందు పాలు పోసినారో, ముందు తేనీరు పోసినారో రుచి చూచి చెప్పగలననెను. ఆమె మాటను త్రోసివేయక, నమ్మివేయక, పరీక్షింపవలెను. ఎనిమిది గిన్నెలు సిద్ధము చేయవలెను. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు తేనీరు. వానిని కలగలిపి ఆమె ముందుంచవలెను. ఎనిమిదింటినుండి నాలుగింటిని ఏరుటకు 70 విధములు కలవు. అందు సరియైనది ఒక్కటే. ఏమియు తెలియని మనిషి గ్రుడ్డిగా ఏరినచో అన్నియు సరిపోవుటకు 70లో ఒక్క పాలు మాత్రమే అవకాశము. కనుక ఆమె అన్నింటిని సరిగా చెప్పినచో అది అదృష్టమనుటకంటె నేర్పనుటయే సమంజసము. ఒక గిన్నెను మాత్రము సరిగా చెప్పినచో ఏమియు ఋజువు కాదు. నాణెము ఎగురవేసినను సగము మారులు అట్లే జరుగును. తేడా కనబడగనే ఉప్పొంగక, "ఇది వట్టి అదృష్టముచేత ఎన్నిమారులు సంభవించును?" అని ప్రశ్నించుటయే సంభావ్యతా విచారము.

ఈ శాస్త్రమున మన తెలుగువాడొకడు లోకవిఖ్యాతుడయ్యెను. ఆయన కల్యంపూడి రాధాకృష్ణరావు. 1920లో నేటి కర్ణాటకములోని హడగళిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో చేరెను. పిమ్మట కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ వద్దనే పరిశోధన చేసి 1948లో డాక్టరు పట్టమును పొందెను. 1945లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఆయన వ్రాసిన వ్యాసములోని సూత్రములను నేటికిని ప్రపంచమంతట బోధించుచున్నారు. ఆయన 2023లో పరమపదించెను.

పాలమూరు పరీక్షను ఈ దృష్టితో చూచినప్పుడు ధనికునికిని బీదవానికిని మనస్సున చెప్పుకోదగిన భేదము లేదని తేలినది. మనస్సులు ఒక్కటే అయినప్పుడు పనులలో భేదమేల కలిగెను? అప్పు పుట్టుటలో, సరుకు అమ్ముకొనుటలో, సలహా దొరకుటలో గల భేదములను వెదకవలెనని బిన్స్వాంగర్ సూచించెను. పెద్ద ఆసామికి అడిగిన వెంటనే అప్పు పుట్టును, చిన్నరైతునకు పుట్టదు. బీదవానిపై వేసిన పిరికితనపు నింద పరీక్షకు నిలువలేదు. అయితే ఆరు గ్రామముల ఫలితమును లోకమంతటికి అంటగట్టరాదు. తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఆగుట కూడ ఈ విద్యలో భాగమే.

ఇంకొక పాఠము నల్లగొండనుండి నేర్వవచ్చును. తాడిచెట్టుపై కాకి వాలెను. అదే క్షణమున పండు రాలెను. కాకివలననే పండు రాలెనందురా? కాకతాళీయమను మాట దీనినుండియే పుట్టినది. రెండు సంగతులు కలసి వచ్చినంతనే ఒకటి కారణము, మరియొకటి కార్యము కానేరవు. నల్లగొండ జిల్లాలో భూగర్భజలమున ఫ్లోరైడు అధికముగా నుండుటచే పండ్లకు గార పట్టుట, ఎముకలు వంకరవోవుట మొదలగు బాధలు తరతరములుగా జనులను పీడించినవి. ఆ వ్యాధిని గూర్చి సిద్ధీఖీ అను వైద్యుడు వ్రాసిన పరిశోధనవ్యాసము 1955లో బ్రిటిష్ వైద్యపత్రికలో వెలువడెను. పటికయు సున్నమును కలిపి నీటిని శుద్ధిచేయు ఉపాయమును నాగపురములోని పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీరు దొరకనిచో 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణముల సంస్థ నిర్దేశించినది.

వంగిన ఎముక కంటికి కనబడును. కాని ఆ నీరు బాలుర జ్ఞాపకశక్తిని కూడ తగ్గించునా యని ఒక మనస్తత్త్వశాస్త్ర విద్యార్థి తెలిసికొనగోరెననుకొందము. ఫ్లోరైడు నీరు గల ఊరి బాలురను, మంచినీరు గల ఊరి బాలురను పరీక్షించి, మొదటివారి మార్కులు తక్కువయైనచో నీటిదే దోషమనవచ్చునా? తొందరపడరాదు. లోతైన బోరునీరు త్రాగు ఊరు తరచుగా వానలు లేని ఊరు. కనుక బీద ఊరు. అచ్చట తిండి తక్కువ కావచ్చును. బడికి పోవు దినములు తక్కువ కావచ్చును. తల్లిదండ్రులు వలసపోయి యుండవచ్చును. మార్కులు తగ్గుటకు ఇందులో ఏది కారణము? కాకి ఏది, గాలి ఏది?

చీట్లు వేసి సగముమంది బాలురకు ఈ నీరు, సగముమందికి ఆ నీరు ఇచ్చి చూచినచో సంశయము తీరును. కాని తెలిసి తెలిసి బిడ్డలచే చెడునీరు త్రాగించుట మహాపాపము. జ్ఞానముకొరకైనను అట్టి పని చేయరాదు. కనుక విద్యార్థి వేరొక మార్గము త్రొక్కవలెను. ఒకే వయస్సు, ఒకే తరగతి, సమానమైన ఆదాయము, సమానమైన తిండి గల బాలురను ఇరువైపులనుండి ఏరవలెను. నీటిని పరీక్షశాలలో కొలిపింపవలెను. పరీక్ష పెట్టువానికి ఏ బాలుడు ఏ నీరు త్రాగునో తెలియనీయరాదు. తెలిసినచో అతని మనస్సే మార్కులను అటునిటు నెట్టును. ఇంత చేసినను ఫలితమును జాగ్రత్తతో చెప్పవలెను. ప్రణాళిక యనగా ఇట్టి ముందుచూపే.

కొన్ని ప్రశ్నలకు కాలమే సాక్ష్యము చెప్పవలెను. బాల్యమున తిండి చాలని బిడ్డ పెద్దయైన పిదప చదువులో ఎట్లుండును? దీనికి నేటి పిల్లలను, నేటి యువకులను పోల్చిన చాలదు. వారు వేరువేరు కాలములలో పుట్టినవారు. అదే బిడ్డను ఏండ్ల తరబడి అనుసరింపవలెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారు నడుపు యంగ్ లైవ్స్ అను పరిశీలన అట్టిదే. ఇథియోపియా, పెరూ, వియత్నాము దేశములతోపాటు మన తెలుగు నేలపై 2002లో అది ప్రారంభమయ్యెను. ఏడాది ప్రాయపు శిశువులు సుమారు 2000 మంది, ఎనిమిదేండ్ల బాలురు బాలికలు సుమారు 1000 మంది ఇచ్చట ఎన్నుకొనబడిరి. ఆ జిల్లాలలో మహబూబునగరు ఒకటి. ఎత్తు, బరువులతోపాటు పదజ్ఞానము, లెక్కలు, మనోభావములు కూడ కొన్నియేండ్ల కొకసారి పరీక్షింపబడినవి. కుటుంబము కూలికై బొంబాయికి వలసపోయినను, ఆడపిల్ల పెండ్లియై అత్తవారింటికి పోయినను వెదకి పట్టుకొనవలెను. చేతికందినవారిని మాత్రమే లెక్కించినచో కష్టములపాలైనవారే లెక్కనుండి జారిపోవుదురు, ఫలితము అసత్యమగును. పాలమూరువంటి వలసల సీమలో ఈ మాట మరింత సత్యము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు తేటపడినది. మనసునకును లెక్కలకును గల సంబంధము న్యాయస్థానమునకును సాక్ష్యమునకును గల సంబంధము వంటిది. ప్రణాళిక సాక్ష్యమును సేకరించు విధమును నేర్పును. సంఖ్యాశాస్త్రము ఆ సాక్ష్యమును తూచు విధమును నేర్పును. ప్రశ్నను స్పష్టముగా వేయుట, జనులను నిష్పక్షపాతముగా ఎన్నుకొనుట, నమ్మదగిన కొలతను సమకూర్చుట, వేరు కారణములను వెదకుట, అదృష్టము పాలు ఎంతయో లెక్కించుట, తనకు నచ్చని ఫలితము వచ్చినను దాచక చెప్పుట — ఇవి ఆ విద్యలోని మెట్లు. ఇందలి గణితము చాలవరకు కూడికలు, భాగహారములు, వర్గమూలములతో మొదలగును. పాఠశాలలో లెక్కలను శ్రద్ధతో నేర్చిన బాలునకు అది కొరుకుడుపడని విద్య కాదు.

"ఆ ఊరివారు సోమరులు," "ఈ జాతివారు పిరికివారు," "పల్లెటూరి పిల్లలకు తెలివి తక్కువ" అను మాటలు సంతలోను, బస్సులోను వినబడుచుండును. అట్టి మాట చెవినిబడినప్పుడు, ఎందరిని చూచి చెప్పుచున్నారు, ఎట్లు కొలిచినారు, ఎవరితో పోల్చినారు అని అడుగుట ప్రతి విద్యావంతుని ధర్మము. ఔరేపల్లి, డోకూరు గ్రామములలో నాణెము ఎగురవేసి తమకు తోచిన దానిని కోరుకొన్న ఆ రైతులు, కూలీలు ఈ ప్రశ్నల విలువను లోకమునకు చాటినవారిలో ఒకరు.